గొట్టంలోకి గుర్రపుడెక్క రాదు

కాలవ మీద మేం పెట్టిన పరికరం గుర్రపుడెక్క ఆకుల్ని చూసి నీళ్లనుకుందని రిపోర్టు రాశారు. రాసి, దాన్ని పీకేశారు. ఆ మాట అబద్ధం. రాసినాయనకీ అబద్ధమని తెలుసు.

"ఎప్పటి సంగతి, ఇంకా ఎందుకు?" అంటారు మా ఇంట్లో. ఎప్పటిదైతేనేం? వయసంతా పెట్టి నేర్చుకున్న పని పనికిరానిదని ఆ ఒక్క వాక్యంతో కాగితమ్మీదకెక్కింది. పరికరం పాడైందని రాసుంటే ఊరుకునేవాణ్ణి. యంత్రాలన్నాక పాడవుతాయి. ఇది తప్పు చెప్పిందని రాశారు. అది చెప్పిన లెక్క సరైనదేనని ఆ రాసినాయన నోటితో ఒక్కసారి వినాలని అప్పట్నుంచీ పట్టుకు కూచున్నాను.

నేను ఇంజనీరింగు చదవలేదు. ఆ మాటకొస్తే పదో తరగతి తర్వాత బళ్లో ఏదీ చదవలేదు. మాది బందరు వైపు నేత ఊరు. పది పాసయ్యాక నాన్న నన్ను కూడా మగ్గం గుంటలోకి దిగమన్నాడు. నాకేమో మగ్గం కన్నా ఎదురింటివాళ్ల రేడియో వెనక అట్ట మీద ధ్యాస. చూసి చూసి మా మేనమామ గవర్నర్‌పేటలో ఒక రేడియో షాపులో పనికి పెట్టాడు. ఆ షాపు ఓనరు మంచివాడే గానీ, విద్య చూపించడు. కాయిలు చుట్టేటప్పుడు వీపు నావైపు తిప్పేవాడు. అందుకని సర్క్యూట్ పుస్తకాలు పట్టుకున్నాను. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. నా ఇంగ్లీషంతా అట్లా వచ్చిందే. ఎంత ఓల్టేజి దాటకూడదో ఇంగ్లీషులో చెప్పగలను, పెళ్లిలో ఎదురైనవాళ్లని పలకరించలేను.

ఆ షాపులో ఉండగానే బందరు నుంచి ఒక పడవ ఓనరు గోనెసంచిలో చుట్టి ఒక పెట్టె తెచ్చాడు. పడవ అడుగు నుంచి సముద్రంలోకి చప్పుడు పంపుతుంది. అది నేలకి తగిలి వెనక్కొచ్చేసరికి ఎంతసేపు పట్టిందో చూసి, లోతు ఇంత అని చెబుతుంది. ఆ చప్పుడు మన చెవికి అందదు, దాని స్థాయి అంత పైన ఉంటుంది. అల్ట్రాసోనిక్ అంటే అంతే, భయపడాల్సిందేం లేదు.

"మనది రేడియో షాపండీ, సముద్రాలు బాగుచేసే షాపు కాదు" అని మా ఓనరు తిప్పి పంపబోయాడు. నేను పట్టుబట్టి ఉంచాను. తీరా చూస్తే ఉప్పు తిని వైరు కుళ్లింది, అంతే. కానీ ఆ వైరు చివర ఏముందో చూడాలిగా. రూపాయంత పింగాణీ బిళ్ల. కరెంటిస్తే వణుకుతుంది. దాన్నెవరన్నా వణికిస్తే కరెంటిస్తుంది. అరిచేదీ అదే, వినేదీ అదే. ఆ సాయంత్రం షాపుకి దగ్గర్లోనే పారే బందరు కాలవ వంతెన మీదికెళ్లి తాడు కట్టి నీళ్లలోకి దించాం. ముల్లు కదిలింది. పడవాయన నమ్మక, ఒక గెడ సంపాదించి పక్కనే దింపి చూశాడు.

"ఓర్నీ, నిజమే చెప్తందండీ ఇది!" అన్నాడు.

నా బతుకు ఆ వంతెన మీద మలుపు తిరిగింది. ఆ తర్వాత బిళ్ల కనిపిస్తే చాలు విప్పడమే పని. ఎక్కడెక్కడి పాత సామాను కొట్లలోనో వెతికి బిళ్లలు తెచ్చుకునేవాణ్ణి. వాటి గురించి అక్షరం ఎక్కడ దొరికినా చదివేవాణ్ణి. అట్లాంటి బిళ్లల కోసమే షాపుకొచ్చాడు ఒక ప్రొఫెసరు గారు. ఊరి బయట ఇంజనీరింగు కాలేజీలో అల్ట్రాసోనిక్ పరికరాల మీద పరిశోధన చేసేవాడు. నాలుగు మాటలు మాట్లాడి, "మా ల్యాబ్‌కి వచ్చెయ్యకూడదూ?" అన్నాడు. వెళ్లాను. కాగితాల్లో నా హోదా మెకానిక్కు. చేసింది పరిశోధన. ఆయన లెక్కలు నేర్పాడు, అదీ సిటీ బస్సులో పక్క సీట్లో కూచోబెట్టుకుని, టిక్కెట్టు వెనకాల రాసి చూపిస్తూ. పత్రికల్లో వ్యాసం వేస్తే తన పేరు పక్కన నా పేరు వేశాడు. అందరు పెద్దచదువులవాళ్ల మీదా నాకు కోపం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చదివేవాళ్లు నన్ను అపార్థం చేసుకోరు.

ఆ ల్యాబ్‌లో మేం చెయ్యని పని లేదు. బందరు కవరింగు నగల వాళ్లకి సందుల్లో మురికి వదలగొట్టే తొట్టి చేశాం. బ్రష్షుకి అందని మురికి కూడా ఆ వణుకుకి వదిలి పొగలాగా పైకొచ్చేది. మగ్గాల గదిలో ఎండాకాలం దారం పుటుక్కుపుటుక్కున తెగకుండా నీటిని సన్నటి మంచులా చిమ్మే యంత్రం చేశాం. అది మా నాన్న చూసి, "బానే ఉందిరా, మరి కరెంటు పోతే?" అన్నాడు. ఇవన్నీ చిన్న పనులు. పెద్ద పని కాలవ మీద వచ్చింది.

ఏ కాలవో చెప్పను. చల్లపల్లి దాటాక ఒక పిల్లకాలవ అనుకోండి. పైన కొన్ని ఊళ్లు, చివర కొన్ని ఊళ్లు. చివరి ఊళ్లని శివారు అంటారు. పైవాళ్లు తూములెత్తి తడుపుకుంటూ పోతే శివారుకి తడి మిగలదు. దీని మీద వెనకటికి కర్రలు లేచాయి. చివరికి రెండు వైపుల పెద్దలూ కూచుని ఒక మాట అనుకున్నారు. శివారు వంతు వచ్చిన రోజుల్లో, శివారు ముందరి వంతెన దగ్గర నీళ్లు నాలుగడుగులు ఎక్కేదాకా పైవాళ్లు తూములు ఎత్తకూడదు. నాలుగు చేరాక ఎత్తుకోవచ్చు. రాతా కోతా లేదు, మాటే. వంతెన స్తంభానికి అడుగుల గీతలు గీసిన బోర్డు ఒకటి ఉండేది. లస్కరు, అంటే కాలవ కాపలా చూసే ఉద్యోగి, పొద్దున్నే దాన్ని చూసి ఫోను చేసేవాడు. ఆయన నాలుగంటే నాలుగు. ఆ మాట మీద అన్ని ఊళ్లూ నడిచాయి.

కాలవల ఆఫీసులో పెద్దవాళ్లెవరికో ఫోన్లు కాదు, పరికరం ఉండాలనిపించింది. మా ప్రొఫెసరు గారిని అడిగారు. ఇది సరిగ్గా నడిస్తే మిగతా కాలవలకీ ఇదే పెడతామన్నారు. మేం ఎగిరి గంతేశాం.

పనిచేసే తీరు పడవ పెట్టెదే, తిరగేసి పెట్టామంతే. పైనుంచి కింద నీళ్ల మీదికి చప్పుడు పంపి, అది తిరిగొచ్చిన సమయాన్ని బట్టి నీళ్లు ఎంత కింద ఉన్నాయో లెక్క కట్టడం. చెప్పడానికి ఇంతే. రోహిణి కార్తె ఎండలో గాలి వేడెక్కితే చప్పుడు వేగం మారిపోతుంది, లెక్క తప్పుతుంది. అందుకని దారిలో ఒక చోట చిన్న మేకు పెట్టాం. దాని దూరం మనకి తెలుసు కాబట్టి, దాని మీంచి వచ్చే ప్రతిధ్వనితో మిగతాది సరిచూసుకుంటుంది. ఇక కృష్ణా కాలవలన్నాక గుర్రపుడెక్క ఉంటుంది. చప్పుడు ఆకులకి తగిలితే నీళ్లు పెరిగాయనుకుంటుంది. ఇది మాకు తెలియదా? మొట్టమొదట ఆలోచించిందే దాని గురించి. అందుకని నీళ్లలో ఒక లావుపాటి గొట్టం నిలబెట్టాం. అడుగున కన్నాలు. నీళ్లు కన్నాల్లోంచి లోపలికొచ్చి, బయట ఎంత మట్టంలో ఉంటే లోపలా అంత మట్టంలో నిలుస్తాయి. ఆకు రాదు. పరికరం ఆ గొట్టంలోకే చూస్తుంది. కుమ్మరి పురుగొచ్చి బిళ్ల మూతికి మట్టితో గూడు కట్టిందొకసారి. గాలి కన్నాలకి సన్న జాలీ బిగిస్తే అదీ మానింది.

లస్కరుకి మా డబ్బా నచ్చలేదు.

"ఇది నా ఉద్యోగం తినడానికొచ్చిందాండీ?" అన్నాడు.

"కాదయ్యా, నీకు తోడుగా వచ్చింది" అన్నాను.

"తోడైతే ఓ చెయ్యేసి గేటెత్తమనండి, చూద్దాం."

నవ్వాను. కాలవ గేట్లుండే లాకు గోడ మీద తెల్లదొరల కాలంనాటి మట్టం గుర్తు చెక్కి ఉంది. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు పట్టుకుని ఆ గుర్తు నుంచి వంతెన దాకా మట్టం మోసుకొచ్చి, గొట్టానికి సున్నా పెట్టాను. ఒకటికి రెండుసార్లు పెట్టాను. వంతెన గోడ మీద డబ్బా బిగించి, అందులో అడుగులు ఎర్రంకెల్లో కనపడేట్టు చేశాం. దారిన పోయేవాళ్లందరూ ఆగి చూసేవాళ్లు.

పెట్టిన రోజే తేడా కనిపించింది. బోర్డు కన్నా మా డబ్బా అర అడుగు ఎక్కువ చూపిస్తోంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే తప్పు మాదే అనుకునేవాణ్ణి. ఎప్పుడు చూసినా అంతే, అర అడుగు. మళ్లీ మట్టం పట్టాను. తప్పు బోర్డుది. అంతకు కొన్నేళ్ల ముందు వంతెన కొత్తగా కట్టారు. అప్పుడు బోర్డుని ఉండాల్సిన చోటు కన్నా పైకి బిగించారు. నాలుగున్నర అడుగుల నీళ్లుంటేనే గానీ ఆ బోర్డు నాలుగు చూపించదు.

ఆ సెక్షను చూసే అసిస్టెంట్ ఇంజనీరు గారి దగ్గరకెళ్లాను. నాకన్నా చాలా చిన్నవాడు. నెమ్మదస్తుడు.

"మీ బోర్డు అర అడుగు పైన ఉందండీ. మేస్త్రీ మట్టం చూసుకోకుండా బిగించాడు" అన్నాను.

"అట్లాగా అండీ? చూద్దాంలెండి" అన్నాడు.

"చూసేదేముందండీ, నేను చూసే వచ్చాను."

"ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగుతారా?"

మజ్జిగ వచ్చింది. బోర్డు కదల్లేదు.

శివారు వంతు రోజులొచ్చాయి. బోర్డు మూడున్నర దగ్గర ఉండగానే మా డబ్బాలో నాలుగు కనపడింది. పైఊరి కుర్రకారు మోటారు సైకిళ్ల మీద వచ్చి చూసి, వెనక్కెళ్లి తూములెత్తేశారు. ఆ వారం మా పరికరం చూసుకోవడానికి వెళితే వంతెన నిండా జనం.

"ఏం మేస్త్రీ గారూ, మీ డబ్బాలో నాలుగైందిగా! ఇంకా తూములు మూసుక్కూచోమంటారేంటి మమ్మల్ని?" అన్నాడు పైఊరాయన.

"బోర్డు మీద కాలేదుగా!" అన్నారు శివారు వాళ్లు.

"బోర్డు మనిషి గీసిందిరా. ఇది మిషను."

శివారు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కౌలు చేసుకునే మనిషి, నా దగ్గరకొచ్చి డబ్బా వంక చూసింది. "ఇందులో నాలుగున్నాయా నాయనా?" అంది. ఉన్నాయన్నాను. "అయితే ఆ నీళ్లు పట్టుకొచ్చి మా చేలో పొయ్యి నాయనా" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఉన్న నీళ్లు ఉన్నాయని చెప్పడమే నా పని.

గొడవ పెద్దదై ఆఫీసు నుంచి తనిఖీకొచ్చారు. ఒక పెద్దాఫీసరు, ఆయన వెనక నలుగురు, వాళ్లలో మా అసిస్టెంట్ ఇంజనీరు. మా ప్రొఫెసరు గారికి ఆ రోజు ఒంట్లో బాగాలేక నేనొక్కణ్ణే వెళ్లాను. కాలవ మీద గుర్రపుడెక్క చాప పరిచినట్టుంది. పూలు కూడా పూసింది. పెద్దాఫీసరు వంతెన మీంచి వంగి చూసి, "ఇదండీ సంగతి. ఆకులకి తగిలి తిరిగొస్తోంది" అన్నాడు.

"గొట్టంలోకి గుర్రపుడెక్క రాదు సార్" అన్నాను. గొట్టం మూత విప్పేశాను. టార్చి వేసి, "రండి సార్, చూడండి, లోపల ఒక్క ఆకుంటే నేనీ కాలవలో దూకుతాను" అన్నాను. పెద్దాఫీసరు వాచీ చూసుకున్నాడు. చల్లపల్లిలో వాళ్లకి భోజనాల ఏర్పాటుంది. "మీరు చూసి చెప్పండి" అని అసిస్టెంట్ ఇంజనీరుకి చెప్పి కారు వైపు నడిచాడు.

అసిస్టెంట్ ఇంజనీరు గొట్టం దగ్గరకొచ్చాడు. నేను టార్చి చేతికిచ్చాను. తీసుకోలేదు.

"నేను చూడక్కర్లేదండీ" అన్నాడు.

"అదేంటండీ, చూడకుండా ఏం రాస్తారు?"

వెళ్లి కారెక్కాడు. చూడకుండా రాసిన ఆ రిపోర్టే నేను మొదట్లో చెప్పింది. కింద సంతకం ఆయనది.

పరికరం పీకేశారు. మిగతా కాలవల మాట మళ్లీ ఎత్తలేదు. మా ప్రొఫెసరు గారు, "పోన్లే, ఇంకోటి చేద్దాం" అన్నాడు గానీ, కాలేజీవాళ్లు ఆ రిపోర్టు చూసి ఇంకోదానికి ఒప్పుకోలేదు. కొన్నాళ్లకి ఆయన రిటైరై వేరే ఊరు వెళ్లిపోయాడు. ల్యాబ్‌ని కంప్యూటర్ల గది చేశారు. బిళ్లలూ మీటర్లూ రెండు అట్టపెట్టెల్లో సర్దుకుని నేను మళ్లీ గవర్నర్‌పేటలో ఒక చిన్న గదిలో బల్ల వేసుకున్నాను. కళ్లజోళ్ల షాపుల తొట్లు, పళ్ల డాక్టర్ల యంత్రాలు బాగుచేసుకుంటూ బతికాను. ఆ మేకు పద్ధతిని ఇంకా మెరుగుపరిచే ఆలోచనలు చాలా ఉండేవి. ఎవరి కోసం మెరుగుపరచను?

ఆఫీసుకి ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. గొట్టం లోపల ఎవరు చూశారు, ఏం చూశారు అని అడిగాను. "సదరు పరికరం ప్రస్తుతం ఈ కార్యాలయంలో లేనందున సమాచారం ఇవ్వలేము" అని వచ్చింది. పరికరం ఉందా లేదా అని నేనడిగానా?

ఒకసారి ఏలూరు వెళుతూ హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగితే, టీ కొట్టు దగ్గర ఆ అసిస్టెంట్ ఇంజనీరే కనిపించాడు. అప్పటికి ప్రమోషనొచ్చింది. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఏవండీ, గొట్టంలోకి గుర్రపుడెక్క ఎట్లా వచ్చిందండీ?"

"అయ్యో మీరా! బాగున్నారా అండీ? పిల్లలేం చేస్తున్నారు?"

"పిల్లల సంగతి తర్వాత. గొట్టం సంగతి చెప్పండి."

"టీ తీసుకోండి ముందు" అని నాకు టీ చెప్పి, డబ్బులు కూడా ఆయనే ఇచ్చి, జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ టీ నాకు ఇప్పటికీ అరగలేదు.

ఇప్పుడు కాలవల మీద కొత్త పరికరాలొచ్చాయి. స్తంభానికి సోలారు పలక, దాని కింద చిన్న పెట్టె. బస్సులోంచి చూస్తుంటాను. వాటిల్లో ఏముందో నాకు తెలుసు. వాటిని ఎవరూ ఏమీ అనడం లేదు.

మొన్న వర్షాకాలంలో ఆ అసిస్టెంట్ ఇంజనీరే నా గదికొచ్చాడు. నా కోసం కాదు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. వాళ్లావిడకి ఆయాసం. మందుని ఆవిరిలా చేసి పీల్పించే యంత్రం ఆగిపోయింది. అల్ట్రాసోనిక్‌ది బాగుచేసేవాడు ఫలానా చోట మెట్లెక్కితే పైన ఉంటాడని ఎవరో చెప్తే వచ్చాడు. రిటైరయ్యాడు, జుట్టంతా తెల్లబడింది. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయాడు. వెనక్కి తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు. లోపలికొచ్చి స్టూలు మీద కూచున్నాడు.

యంత్రం తీసుకుని విప్పాను. బిళ్ల మీద సున్నం పేరుకుని ఉంది.

"అడుగు గిన్నెలో ఏం నీళ్లు పోస్తున్నారు?"

"బోరు నీళ్లేనండీ."

"ఇంజనీరు గారు కదా, ఆ మాత్రం తెలియదా? బ్యాటరీలో పోసే నీళ్లు పొయ్యాలి."

"చెప్పేవాళ్లు లేరండీ" అన్నాడు. నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో సున్నం వదలగొట్టాను. మళ్లీ బిగించి స్విచ్చి వేస్తే పొగమంచు లేచింది. ఆయన మొహం తేటపడింది. సంచిలో పెట్టి చేతికిచ్చేశాను. ఆవిడ ఊపిరి అడ్డం పెట్టుకుని అడిగానన్న మాట నాకొద్దు. ఇచ్చేశాకే అడిగాను.

"ఆ రోజు గొట్టంలోకి ఎందుకు చూడలేదండీ?"

సంచి ఒళ్లో పెట్టుకుని మూతి ముడేశాడు. కింద రోడ్డు మీద ఆటోలు హారన్లు కొట్టుకుంటున్నాయి. తర్వాత చెప్పాడు. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దానికి నేనేమన్నానన్నది ఇక్కడ అనవసరం.

"చూస్తే ఆకు లేదని రాయాలి కదండీ. మీ మిషను కరెక్టే. మీరు పెట్టకముందు నుంచీ బోర్డు తప్పని నాకు తెలుసు. మేస్త్రీని అనకండి, వంతెన కట్టేటప్పుడు దగ్గరుండి అర అడుగు పైకి బిగించమన్నది నేనే. కాలవ పూడిపోయి, నాలుగడుగులకి శివారు చేలకి వెళ్లే బోదెల్లోకి నీళ్లెక్కడం ఎప్పుడో ఆగిపోయింది. నాలుగున్నర కావాలి. అట్లాగని పెద్దలనుకున్న మాట నాలుగు, దాన్ని మార్చమంటే మళ్లీ కర్రలు లేచేవి. మాట జరపలేక బోర్డు జరిపానండీ. మీ మిషను జరగదు. ఏం చెయ్యమంటారు?"